రివెట్ల దగ్గర నీలం మళ్లీ పాకింది

రెండో ప్రపంచ యుద్ధ కాలపు అమెరికన్ శిక్షణ విమానం టీ-6 టెక్సన్, ఎడమ పక్క, స్టార్ అండ్ బార్ అనే అమెరికా సైనిక గుర్తుకి ముందు సంస్థ లోగో వేస్తున్నాం. మధ్యలోని తెలుపు-పసుపు చిహ్నం బ్లేడుతో కోసినట్టు వచ్చింది, దాని గురించి ఇంకేం చెప్పక్కర్లేదు. చుట్టూ ఉన్న నీలం వలయమే చంపుతోంది. బయటి కొలత 61 సెంటీమీటర్లు, పట్టీ వెడల్పు 6. రంగు పడకూడని చోట అంటించిన మాస్క్ ఫిల్మ్ తీయగానే రివెట్ల పక్కన నీలం నాలుకలు, ఒక్కోటీ ఒకటిన్నర నుంచి మూడు మిల్లీమీటర్ల దాకా.

మధ్య చిహ్నం రెండు రివెట్ వరసల నడుమ ఖాళీలో పడింది కాబట్టి బతికిపోయింది. వలయం అంచులు మాత్రం నిలువు వరసల్నీ అడ్డ వరసనీ దాటాల్సిందే. అంచు పక్కనో మీదో పడిన రివెట్లు 26. వాటిలో 17 దగ్గర రంగు పాకింది. ఆ 17లోనూ ఒకే తీరు కనిపిస్తోంది: అంచు రివెట్ తలని తాకకుండా, అరమిల్లీమీటరు నుంచి మూడు మిల్లీమీటర్ల దూరంలో వెళ్లినవే అన్నీ. అంచు సరిగ్గా తల మధ్య నుంచి వెళ్లిన చోట సన్నటి మీసాలే, అర మిల్లీమీటరు కూడా లేవు, రంగుని పలచన చేసే రిడ్యూసర్‌లో ముంచిన టూత్‌పిక్‌తో పోయాయి. నాలుగు మిల్లీమీటర్లు దాటితే అసలు సమస్యే లేదు.

కారణం మాస్క్ గుడారంలా లేవడం. రివెట్ తల వెడల్పు 6.35 మిల్లీమీటర్లు, ఎత్తు సుమారు 1.4. ఎంత మెత్తటి స్టెన్సిల్ ఫిల్మ్ అయినా ఆ తల అడుగున మూలలోకి పూర్తిగా దిగదు, చుట్టూ తెల్లటి ఉంగరంలా గాలి మిగులుతుంది. కోసిన అంచు ఆ ఉంగరం మీదుగా వెళ్లిందంటే రంగుకి తలుపు తీసిపెట్టినట్టే.

0.8 మిల్లీమీటర్ల అల్యూమినియం రేకుకి అవే రివెట్లు 25 మిల్లీమీటర్ల ఎడంతో కొట్టి, దాని మీద విడివిడిగా పరీక్షలు నడిచాయి. హీట్ గన్‌తో వేడిచేసి రివెట్ బ్రష్‌తో గుండ్రంగా నొక్కితే ఉంగరం అర మిల్లీమీటరుకి తగ్గుతుంది. కానీ రెండు గంటలు వదిలేస్తే మళ్లీ ఒకటిన్నరకి వస్తుంది, సాగిన ఫిల్మ్ వెనక్కి లాక్కుంటుంది. కాబట్టి ఉదయం మాస్క్ వేసి సాయంత్రం స్ప్రే చేసే పద్ధతి ఇక్కడ పనికిరాదు. నొక్కిన 20 నిమిషాల్లోపు మొదటి కోటు పడాలి. సూదితో పొడిచి గాలి తీయొచ్చు, అయితే ఆ రంధ్రం మీద 3ఎం 471 టేపు ముక్క అంటించకపోతే అక్కడ నీలం చుక్క పడుతుంది.

రెండో అనుమానం రిడ్యూసర్ మీద. ఎండకి హ్యాంగర్ 34 డిగ్రీలు ఉందని నెమ్మదిగా ఆరే రకం కలిపితే కోటు చాలాసేపు తడిగా ఉండి, ఫిల్మ్ జిగురుని కూడా మెత్తబరుస్తుంది. మధ్యరకం రిడ్యూసర్, 1.3 మిల్లీమీటర్ల స్ప్రే నాజిల్, మొదటి రెండు కోట్లు మంచు పట్టినట్టు పలచగా, మధ్యలో పావుగంట. గన్ ఎప్పుడూ మాస్క్ వైపు నుంచి ఖాళీ వైపుకి వాలాలి. ఎదురుగా వాలిస్తే గాలే రంగుని అంచు కిందికి తోస్తుంది. ఇవన్నీ కలిపితే నాలుక ఒక మిల్లీమీటరుకి తగ్గింది. సున్నా మాత్రం కాలేదు.

నీలానికి ముందు రంగులేని క్లియర్ కోటు కొట్టి మాస్క్ అంచు మూసేయమనే సలహా రేకు మీద బ్రహ్మాండంగా పనిచేసింది. నీలం ఒక్క చుక్క పాకలేదు. కానీ విమానం మీద కింద ఉన్నది అల్యూమినియం పొడి కలిసిన సిల్వర్ రంగు. క్లియర్ పాకిన చోట అల్యూమినియం పొడి రంగు ముదిరి, పక్క నుంచి ఎండ పడితే రెండు మిల్లీమీటర్ల నల్లటి వలయం కనిపిస్తోంది. తెలుపో పసుపో బేస్ అయితే ఆ రంగునే ముందు కొట్టి మూసేయొచ్చు. సిల్వర్‌కి ఆ దారి లేదు, పొడి పడుకునే తీరు రెండోసారి కుదరదు.

రంగు బదులు వినైల్ స్టిక్కర్ వేస్తే పోయేదిగా అంటారు. 50 మైక్రాన్ల కాస్ట్ ఫిల్మ్ మంచిదే, నేల మీద నిలబెట్టే విమానానికి నిశ్చింతగా వేయొచ్చు. ఎగిరే టెక్సన్‌కి వద్దు. ఆర్-1340 రేడియల్ ఇంజన్ చిమ్మే ఆయిల్ అంచుల కిందికి చేరుతుంది, కొత్తగా కొట్టిన పాలియురేథేన్ రంగు మీద అయితే లోపలి సాల్వెంట్ బయటికొచ్చి బుడగలు కట్టిస్తుంది. వినైల్‌కి ఉన్న ఒకే బలమైన వాదన, సంస్థల పేర్లు మారితే తీసి కొత్తది అంటించొచ్చని: పాత యుద్ధ విమానాల్ని కాపాడి ఎగరేసే, టెక్సస్‌లో పుట్టిన కాన్ఫెడరేట్ ఎయిర్ ఫోర్స్ 2002లో కమెమొరేటివ్ ఎయిర్ ఫోర్స్ అయింది. అయినా రంగుకే నా ఓటు.

ఇప్పుడు నీలాన్ని 600 నంబర్ తడి గరుకు కాగితంతో దించి సిల్వర్ మళ్లీ కొట్టాలి. ఆ తర్వాత ట్రేసింగ్ పేపర్ పరిచి పెన్సిల్‌తో రుద్ది రివెట్ల అచ్చు తీసుకుని, దాని మీద వలయాన్ని జరిపి చూడాలి. ఏడు మిల్లీమీటర్లు తోక వైపు జరిపితే ప్రమాదంలో ఉన్న 17 రివెట్లు ఆరుకి తగ్గుతున్నాయి. ఆ ఆరింటి దగ్గరా మాస్క్‌ని రెండు వైపులా ఐదు మిల్లీమీటర్లు కోసి తీసేసి, ఆ ముక్క అంచుని లెటరింగ్ క్విల్ అనే సన్నటి బ్రష్‌తో చేత్తో గీయడమే. అదే నీలం, రిడ్యూసర్ సగమే. బోర్డులు రాసేవాళ్లు వాడే వన్‌షాట్ ఎనామెల్ బ్రష్‌కి హాయిగా పాకుతుంది గానీ, పక్కనున్న టూ-కే (గట్టిపరిచేది కలిపి కొట్టే) రంగుతో మెరుపు కలవదు.

కుడి పక్క ఇంకా తేలలేదు. టీ-6 ఎగ్జాస్ట్ అటే ఉంది, మసి సరిగ్గా లోగో మీదికే వస్తుంది, కాస్త పైకి జరపాలేమో. తోక మీద కదిలే పలక అయిన రడ్డర్ మీద కూడా చిన్న లోగో కావాలంటున్నారు, దానికి ఒప్పుకోకూడదు: హింజ్ వెనక పూత బరువు పెరిగితే మళ్లీ బ్యాలెన్స్ చూడాలి. రిజిస్ట్రేషన్ అక్షరాలు సులువు, ఇంత పాత విమానానికి అమెరికా నిబంధన రెండంగుళాల ఎత్తుతో సరిపెట్టుకోనిస్తుంది. వాటి నిటారు గీతలకి 3ఎం 218 సన్న టేపు చాలు, ఆ చోట రివెట్లు కూడా లేవు.