పాత జర్మన్ జోడు గొట్టాల తుపాకీలు: తయారీదారు కోసం వెతుకులాట ఎంతవరకు వచ్చింది

మార్చి

ముందుగా ఒక మాట స్పష్టం చేయాలి. నా పేరున తుపాకీ ఏదీ లేదు. జర్మనీలోని తురింగియా ప్రాంతంలో లైసెన్సున్న వేటగాళ్లు తాతల నుంచి సంక్రమించిన పాత తుపాకులను తమ సమక్షంలో చూడనిచ్చినప్పుడు, కొలతలూ ఫోటోలూ తీసుకొని, వాటిని ఎవరు చేశారో తేల్చడానికి ప్రయత్నించడమే నా వ్యాపకం. ఈ విడతలో ఎక్కువ శ్రమ తీసుకున్నది 16 బోరు (గొట్టం లోపలి వెడల్పు కొలత) తుపాకీ ఒకటి. దానికి రెండు గొట్టాలు పక్కపక్కన ఉంటాయి, బయటికి కనిపించే హ్యామర్లు (తూటాను పేల్చే సుత్తులు) లేవు, ట్రిగ్గర్ గార్డు గేదె కొమ్ముతో చేసినది. గొట్టాల నడుమ సాగే పైపట్టీ మీద కాసెల్ నగరంలోని ఒక దుకాణం పేరు బంగారు అక్షరాలతో ఉంది. గొట్టాల మీద "క్రుప్, ఎస్సెన్" అని ఉంది. అందువల్ల ఆ ఇంట్లో మూడు తరాలుగా దీన్ని క్రుప్ తుపాకీ అనే పిలుస్తున్నారు.

ఈ పొరపాటు చాలా ఇళ్లలో వినిపిస్తుంది. క్రుప్ ఇక్కడ ఉక్కు సరఫరా చేసిన సంస్థ మాత్రమే. ఆస్ట్రియాకు చెందిన బోలర్, రూర్ ప్రాంతానికి చెందిన విట్టెన్ పేర్లు గొట్టాల మీద కనిపించినప్పుడు కూడా అవి ఉక్కు పేర్లే. పైపట్టీ మీది పేరు చాలాసార్లు అమ్మకందారుది. బెర్లిన్‌కు చెందిన గుస్తాఫ్ గెన్షో సంస్థా, అకాహ్ గుర్తుతో అమ్మిన ఆల్‌బ్రెష్ట్ కింట్ సంస్థా, ఐన్‌బెక్ నుంచి క్యాటలాగు ద్వారా వ్యాపారం చేసిన ఆగుస్ట్ స్టుకెన్‌బ్రోక్ సంస్థా ఇతరులు చేసిన తుపాకులను తమ పేరుతో అమ్మేవి. అట్లాంటిక్ అవతల కూడా ఇదే తీరు: న్యూయార్క్‌కు చెందిన షోవర్‌లింగ్, డేలీ అండ్ గేల్స్ సంస్థ "చార్లెస్ డేలీ" పేరుతో అమ్మిన తుపాకులలో మేలైనవి తురింగియాలోని జూల్ పట్టణంలోని హెచ్.ఎ. లిండ్నర్ కార్ఖానాలో తయారయ్యేవి. అందుకే పైపట్టీ మీది పేరును నేను చివరికి పరిశీలిస్తాను.

ఏప్రిల్

తయారీ వివరాలు ఉండేది గొట్టాల అడుగున. తుపాకీని యజమానే తెరచి, తూటా పెట్టే గదుల్లో ఏమీ లేవని ఇద్దరం చూసుకున్నాక, ముందుచెక్కను (గొట్టాల కింద ముందువైపు ఉండే చెక్క) ఊడదీసి గొట్టాలను విడదీశాం. మెత్తటి గుడ్డకు పలచటి నూనె రాసి తుడవడం తప్ప మరే శుభ్రతా చేయకూడదు. వైరు బ్రష్షు, గరుకు కాగితం వాడితే లోతు తక్కువగా ఉన్న ముద్ర చెరిగిపోతుంది; చెరిగిన ముద్రను ఎవరూ తిరిగి తేలేరు. పది రెట్లు చూపించే భూతద్దంతో, టార్చిని లోహపు తలానికి దాదాపు సమాంతరంగా పట్టుకొని, ఒకే ముద్రను నాలుగు దిక్కుల నుంచి ఫోటో తీస్తాను. అక్షరం అస్పష్టంగా ఉంటే చిటికెడు టాల్కం పొడి వేలితో రాస్తే గీతలో తెల్లగా నిలుస్తుంది. పలుచని కాగితం పరచి పెన్సిలుతో రుద్దిన అచ్చు కొన్నిసార్లు ఫోటోకన్నా మెరుగ్గా వస్తుంది. ప్రతి ఫోటోలో స్కేలు ఉండాలి, ఎందుకంటే ముద్ర ఎత్తు కూడా తర్వాత పోలికకు పనికివస్తుంది.

అడుగున కనిపించినవి ఇవి: కిరీటం కింద గద్ద, కిరీటం కింద యు, కిరీటం కింద ఎస్, కిరీటం కింద డబ్ల్యు, వలయంలో 16, ఆ పక్కన 17/1. ఇవి ప్రూఫ్ ముద్రలు, అంటే గొట్టాలను పేల్చి పరీక్షించినట్లు తెలిపే గుర్తులు. జర్మన్ సామ్రాజ్యపు ప్రూఫ్ చట్టం 1891 మే 19న వచ్చి, 1893 ఏప్రిల్ 1 నుంచి అమలైంది. గద్ద పరీక్షకు గుర్తు, యు తుది తనిఖీకి గుర్తు. ఎస్ అంటే రవ్వలు పేల్చే నున్నని గొట్టం, డబ్ల్యు అంటే మూతి దగ్గర సన్నబడిన చోక్ గొట్టం. లోపల మరలు కోసిన గొట్టమైతే జి ఉండేది. చట్టం అమలయ్యే నాటికే అంగట్లో ఉన్న సరుకుకు వి అనే ముద్ర వేసేవారు. అది దీని మీద లేదు కాబట్టి 1893 కంటే వెనక్కి వెళ్లనక్కరలేదు. మరోవైపు, పొగలేని మందుతో పరీక్షించినట్లు చెప్పే కిరీటం కింది ఎన్ ముద్ర 1912 ప్రాంతం నుంచి కనిపిస్తుంది. అదీ దీని మీద లేదు. జూల్‌లో 1920లలో మొదలైన నెల-సంవత్సరం అంకెలు కూడా లేవు. అవి ఉంటే 5.27 అన్నది 1927 మేలో పరీక్షించినట్లు సూటిగా చెప్పేది. వీటన్నిటినీ కలిపి చూస్తే తుపాకీ 1893కూ 1912 ప్రాంతానికీ నడుమ పరీక్షకు వెళ్లిందని తేలుతుంది. తుపాకీని తెరిచే పైలీవరు కింద డి.ఆర్.జి.ఎం. (జర్మన్ నమూనా నమోదు గుర్తు) అనే అక్షరాలు ఉండడం దీనికి మద్దతునిస్తుంది, ఎందుకంటే ఆ నమోదు పద్ధతి 1891 అక్టోబరులో ప్రారంభమైంది. అక్కడ డి.ఆర్.పి. (జర్మన్ సామ్రాజ్య పేటెంటు) అనీ ఒక సంఖ్యా ఉంటే పని ఇంకా సులువయ్యేది: ఆ పేటెంట్లు 1877 నుంచి ఉన్నాయి, జర్మన్ పేటెంట్ కార్యాలయం పాత పత్రాలను ఉచితంగా చూడనిస్తుంది. అయితే పేటెంటు పొందిన వ్యక్తే తుపాకీ చేశాడని అనుకోకూడదు.

17/1 అన్న అంకె గురించి తరచు అడుగుతారు. బోరు అంకెకు ఆధారం సీసపు గుండ్లు: గొట్టంలో సరిగ్గా పట్టే గుండ్లు పౌనుకు ఎన్ని తూగితే అది అన్ని బోరు. 16 బోరుకు నిర్ణీత వ్యాసం 16.81 మి.మీ. కాగా ఈ గొట్టాలలో నా కొలతకు 16.6 మి.మీ. దగ్గర వచ్చింది, 17/1 ముద్ర చెప్పేదీ అంతే. ఆ రోజుల్లో గొట్టాలను కొంత బిగువుగా తొలచడం మామూలే. తర్వాతి కాలంలో ఎవరైనా లోపల గీసి వెడల్పు చేసి ఉంటే ముద్రకూ కొలతకూ పొంతన కుదరదు కాబట్టి, ఈ పోలిక గొట్టాల ఆరోగ్యాన్ని కూడా సూచిస్తుంది.

ఇంత చెప్పినా ఈ ముద్రలలో తయారీదారు పేరు లేదు. నగ మీది హాల్‌మార్కు చూసి కంసాలి పేరు చెప్పలేనట్లే, ప్రూఫ్ ముద్ర చూసి తుపాకీ చేసినవాడి పేరు చెప్పలేము.

మే

నడుమ వచ్చిన రెండు తుపాకులు త్వరగా తేలాయి. ఒకటి హ్యామర్ తుపాకీ. దాని మీద చేత గద పట్టిన అడవి మనిషి బొమ్మ స్పష్టంగా ఉంది. అది 1751 నుంచి జూల్‌లో పనిచేసిన జె.పి. జావర్ సంస్థ వ్యాపార చిహ్నం. డమాస్కస్ గొట్టాల (ఇనుము, ఉక్కు పట్టీలను మెలితిప్పి అతికి చేసినవి) కింద ఎల్.ఎల్.హెచ్. అని ఉండడం చూసి యజమాని దాన్ని బెల్జియం సరుకని అనుమానించారు. ఆ అక్షరాలు బెల్జియంలోని లియేజ్ దగ్గరి జుపీల్‌కు చెందిన లొరాన్ లొషే-అబ్రాన్ అనే గొట్టాల తయారీదారువి. లియేజ్ పరిసరాల నుంచి ముడి గొట్టాలు జర్మనీకి విరివిగా వచ్చేవి. తుపాకీయే బెల్జియంలో పూర్తయి ఉంటే, గుడ్డు ఆకారపు గీత లోపల ఇ.ఎల్.జి. అక్షరాలూ నక్షత్రమూ ఉన్న లియేజ్ ప్రూఫ్ ముద్ర ఉండాలి.

రెండవదాని మీద బి.ఎస్.డబ్ల్యు. అని ఉంది. అది జూల్‌లోని జిమ్సన్ కార్ఖానా. యూదు కుటుంబానికి చెందిన ఆ సంస్థను 1930ల మధ్యలో నాజీ ప్రభుత్వం లాక్కున్న తర్వాత ఈ పేరు పెట్టారు. తుపాకీ ఏ దశాబ్దంలో తయారైందో ఆ మూడక్షరాలే చెబుతాయి.

జూన్

మళ్లీ 16 బోరు దగ్గరికి. గొట్టాల అడుగున, కొక్కేనికి (గొట్టాలను తుపాకీ శరీరానికి తగిలించే భాగం) దగ్గరగా, రెండు పొడి అక్షరాలు ఉన్నాయి. ఇవి తయారీదారువని తొందరపడకూడదు. జూల్‌లోనూ, పక్కనున్న త్సెల్లా, మేలిస్ ఊళ్లలోనూ తుపాకీ పని చిన్న చిన్న కార్ఖానాల మధ్య పంచుకొని జరిగేది: ఒకరు గొట్టాలు అతికేవారు, ఒకరు లాకు (పేల్చే యంత్రాంగం) చేసేవారు, ఒకరు చెక్క కూర్చేవారు, ఇంకొకరు నగిషీ చెక్కేవారు. గొట్టాలు చేసిన పనివాడు తన పనికి మాత్రమే గుర్తు వేసుకునేవాడు. ఊరి పేరు కనిపిస్తే అదీ ఉపయోగమే, ఎందుకంటే త్సెల్లా, మేలిస్ 1919లో కలిసి ఒకే పట్టణమయ్యాయి. మేలిస్ అని విడిగా ఉంటే తుపాకీ అంతకు ముందుది.

అందువల్ల ఇప్పుడు పోలిక మీద ఆధారపడుతున్నాను. అడ్డుబోల్టు (మూసిన తుపాకీని బిగించే అడ్డకడ్డీ) కొన గుండ్రంగా ఉందా చదరంగా ఉందా, ముందుచెక్కను విడిపించేది కొనలో నొక్కే పుల్లా లేక అడుగున లాగే మీటా, సేఫ్టీ పైన ఉందా ఎడమ పక్కన ఉందా, పైలీవరు వంపు ఎలా ఉంది, ఉక్కు పెట్టె (పేల్చే యంత్రాంగం ఉండే భాగం) వెనుక అంచును నేరుగా కోశారా అలలుగా కోశారా అన్నవి వరుసగా రాసుకొని, సంతకమున్న తుపాకులతోనూ ఆనాటి క్యాటలాగు బొమ్మలతోనూ సరిచూస్తున్నాను. జూల్ ఆయుధాల మ్యూజియంలో ప్రదర్శనలో ఉన్నవి ఇందుకు బాగా సహాయపడ్డాయి. ఓక్ ఆకుల నగిషీకి నేను మార్కులు వేయను. అది ఆ ప్రాంతమంతటా ఉన్న అలవాటు. ఒక్క లక్షణం కలిస్తే నమ్మను, కనీసం నాలుగు కలవాలి, వాటిలో ఒకటైనా బయటికి కనిపించని లోపలి భాగానిది కావాలి.

ఇదంతా చేశాక "తయారీదారు" అన్న ఒక్క గడితో నమోదు చేయడం నాకు అసంతృప్తిగా తోచింది. ఇప్పుడు నా పట్టికలో ఉక్కు ఎవరిది, గొట్టాలు ఎవరివి, కూర్పు ఎవరిది, అమ్మింది ఎవరు అని వేర్వేరు గడులు ఉన్నాయి. ఈ తుపాకీకి మొదటి గడిలో క్రుప్, రెండవదానిలో ఆ పొడి అక్షరాలు, చివరిదానిలో కాసెల్ దుకాణం చేరాయి. కూర్పు గడిలో ప్రస్తుతానికి "జూల్ పరిసరాలు, 1893-1912" అని పెన్సిలుతో రాశాను. కొక్కెం మీద, ముందుచెక్క ఇనుము మీద, ట్రిగ్గర్ గార్డు మీద ఉన్న వరుస సంఖ్య ఒక్కటే కాబట్టి భాగాలు మొదటి నుంచీ కలిసే ఉన్నాయి. అదే పనితనం, దగ్గరి సంఖ్య ఉన్న సంతకపు తుపాకీ ఒకటి దొరికితే ఆ గడి కూడా నిండుతుంది.

యజమాని దీన్ని శరదృతువు వేటకు తీసుకువెళ్లవచ్చా అని అడిగారు. ఎన్ ముద్ర లేదు. వలయంలో అంకె ఒక్కటే ఉన్న ఆ కాలపు గదులు సాధారణంగా 65 మి.మీ. ఉంటాయి, ఇప్పుడు అంగట్లో ఎక్కువగా దొరికే తూటాలు 70 మి.మీ. పొడవువి. జూల్‌లోని ప్రూఫ్ కార్యాలయంలో మళ్లీ పరీక్ష చేయించేవరకు పేల్చవద్దని చెప్పాను. వచ్చే నెల అక్కడికి తీసుకువెళ్తామన్నారు. కొత్త ముద్రలు పడకముందే అడుగు భాగం ఫోటోలను మరోసారి పూర్తి పరిమాణంలో తీసి పెట్టుకోవాలి.