పసుపుమొహం పునీతుడి ఊళ్లో

పదేళ్ల కిందట న్యూజెర్సీలో దిగిన కొత్తల్లో, ఒక సెప్టెంబరు శనివారం సాయంత్రం మిత్రులు నన్ను న్యూయార్కులో మల్బరీ వీధికి లాక్కెళ్లారు. అక్కడి ఇటలీవాళ్లు 1926 నుంచీ చేసుకుంటున్న పండగ. వీధి పొడుగునా వేగుతున్న సాసేజీల పొగ, మిరపకాయల ఘాటు, రంగు బల్బుల తోరణాలు. మధ్యలో బిషప్పు కిరీటం పెట్టుకున్న స్వరూపం, దాని మీంచి వేలాడే రిబ్బన్లకి గుచ్చిన డాలరు నోట్లు. "మన జాతరేరా ఇది, డప్పులొక్కటే తక్కువ" అన్నాడు కాకినాడ మిత్రుడు. ఆ స్వామి ఎవరో మాలో ఎవరికీ తెలీదు. తరతరాల క్యాథలిక్ ఇంట్లో పుట్టి నాకూ తెలీకపోవడం కొంచెం సిగ్గనిపించింది. ఆ రాత్రి బెజవాడ ఫోన్ చేస్తే అమ్మ ఠక్కున చెప్పింది. "జనవారియస్ గారురా. ఆయన నెత్తురు ఏడాదికి మూడుసార్లు కరుగుద్దంట. బళ్లో సిస్టరమ్మగారు చెప్పేవారు."

నేను చదివింది కెమికల్ ఇంజనీరింగ్. నెత్తురు కరగడమేమిటని అప్పుడు నవ్వేసి ఊరుకున్నాను.

మొన్నామధ్య ఆఫీసు పని మీద రోము వెళ్లాల్సొచ్చింది. పని సెప్టెంబరు 16తో అయిపోతుంది. ఆయన పండగ 19న. రోము నుంచి ఆ పండగ జరిగే నేపుల్స్‌కి స్పీడు రైల్లో గంటా పది నిమిషాలు. ఇంత దగ్గరకొచ్చి వెళ్లకపోతే అమ్మ ఊరుకోదు.

నేపుల్స్‌లో ఆయన పేరు సాన్ జెన్నారో. జనవారియస్ అనే లాటిన్ పేరు జనం నోళ్లలో నలిగి జెన్నారో అయింది. ఈ ఊళ్లో కేకేస్తే పదిమంది జెన్నారోలు తిరిగి చూస్తారు. అయితే ఆయన ఈ ఊరివాడేం కాదు. పక్కనున్న బెనెవెంతోకి బిషప్పు, చనిపోయింది ఇంకోపక్కనున్న పొత్సువోలిలో. అందుకే ముందు పొత్సువోలి వెళ్లాను.

మెట్రో దిగి పైకి రాగానే ముక్కుకి గంధకం వాసన తగిలింది. సోల్ఫతారా అనే అగ్నిపర్వత బిలం దగ్గర్లోనే ఉంది. 2017లో అక్కడ ఒక కుటుంబంలో ముగ్గురు గుంటలో పడి చనిపోయాక సందర్శకుల్ని రానివ్వడం ఆపేశారు. ఈ ఊరి నేలే ఒకచోట కుదురుగా ఉండదు. రేవు దగ్గర రోమన్ల కాలపు అంగడి తాలూకు మూడు పాలరాతి స్తంభాలున్నాయి. వాటి నడుం చుట్టూ సముద్రపు గవ్వపురుగులు తొలిచిన బెజ్జాలు. అంటే ఒకప్పుడు ఈ నేల సముద్రంలోకి అంత లోతుకు కుంగి, మళ్లీ పైకి లేచిందన్నమాట. 1980ల మొదట్లోనూ రెండేళ్లలో దాదాపు మనిషెత్తు లేచింది. కాళ్ల కింద నేల ఊపిరి పీల్చి వదిలే ఊళ్లో జనం ఒక కాపలాదారుణ్ణి పెట్టుకోవడంలో వింతేముంది?

రోమ్‌లో కొలోసియం చూసొచ్చిన కళ్లకి ఇక్కడి ఫ్లావియన్ ఆంఫీథియేటరు, అంటే రోమన్ల గుండ్రటి ఆటల రంగస్థలం, పైకి పెద్దగా ఆనలేదు. మెట్లు దిగి అడుగుకి వెళ్లాక తెలిసింది దాని సంగతి. ఇటుక కమానులూ, మృగాల్ని ఉంచిన అరలూ, బోనుల్ని పైకి లాగడానికి కప్పులో వదిలిన కంతలూ చెక్కుచెదరకుండా ఉన్నాయి. పైనుంచి ఆ కంతల్లోంచి ఎండ పలకలుగా పడుతోంది. జెన్నారోనీ, ఆయనతో పట్టుబడ్డవాళ్లనీ ఇక్కడే మృగాలకి వెయ్యమన్నారట.

ఆయన కథలో నాకు బాగా పట్టుకున్నది ఆ పట్టుబడ్డ తీరు. 305వ సంవత్సరం, చక్రవర్తి డయోక్లీషియన్ క్రైస్తవుల్ని వేటాడిస్తున్న కాలం. రోమన్ నౌకాదళం ఉండే మిజేనో రేవులో సోస్సియో అనే యువకుడు డీకనుగా, అంటే చర్చిలో ఫాదరు కింది హోదాలో, ఉండేవాడు. అతన్ని ఖైదులో వేశారని విని జెన్నారో చూడబోయాడు. వెంట ఫెస్తో, దెసిదేరియో అని ఇద్దరు. ములాఖాతుకని వెళ్లినవాళ్లని ఖైదు లోపలికే తోసేశారు. మరణశిక్షకి తీసుకుపోతుంటే పొత్సువోలి డీకను ప్రోకొలో, ఎవుతికే, అకూత్సియో అనే మామూలు మనుషులిద్దరూ అడ్డుపడి, ఇదేం అన్యాయమన్నారు. వాళ్లనీ అదే వరసలో కట్టారు. అలా ఒకరి కోసం మరొకరు వెళ్లి మొత్తం ఏడుగురయ్యారు. ప్రసంగాలు లేవు, వాదోపవాదాలు లేవు. జైల్లో ఉన్న మనవాణ్ణి చూడ్డానికి వెళ్లడం, అంతే.

మృగాలు ఆయన కాళ్ల దగ్గర తలలు వాల్చాయని ఒక కథ. జనం తిరగబడతారేమోనని అధికారే ఆ ఆట మానిపించాడని ఇంకో కథ. నాకు రెండోదే నమ్మబుద్ధవుతుంది. ఎట్లాగైతేనేం, సోల్ఫతారా దగ్గరికి తీసుకెళ్లి తలలు నరికారు. ఎవుసేబియా అనే ముసలమ్మ ఆయన నెత్తుటిని రెండు సీసాల్లోకి పట్టిందంటారు. ఆ చోట గుడి కట్టారు. నేను ఎండలో గుట్ట ఎక్కి వెళ్లేసరికి మధ్యాహ్నం, తలుపులు వేసి ఉన్నాయి. గుమ్మం నీడలో కూచుని నీళ్లు తాగి దిగొచ్చాను.

ఇదంతా రాతకెక్కింది ఆయన పోయిన కొన్ని వందల ఏళ్లకి. ఆయన పేరు మనకి మొదట కనబడేది యురానియస్ అనే ఆయన రాసినదాంట్లో. 431లో నోలా బిషప్పు పౌలినస్ చివరి ఘడియల్లో జనవారియస్ దర్శనమిచ్చాడని అందులో ఉంది. ఆ రాతలో నెత్తురు ఊసు లేదు. సీసాలో గడ్డకట్టిన నెత్తురు కరిగిందన్న మొదటి కబురు 1389 ఆగస్టు 17ది. మధ్యలో వెయ్యేళ్ల పైచిలుకు మౌనం. ఈ లెక్క తెలిశాక భక్తి తగ్గుతుందనుకున్నాను. తగ్గలేదు గానీ, కుతూహలం మాత్రం పెరిగింది.

మర్నాడు కపోదిమోంతె గుట్ట కడుపులో ఉన్న నేలమాళిగ సమాధులకి వెళ్లాను. పసుపు రంగు మెత్తటి అగ్నిపర్వత రాయిని తొలిచి చేసిన విశాలమైన హాళ్లు. రోములోలాగా ఒంగి నడవక్కర్లేదు. పక్కనున్న సానితా పేట కుర్రాళ్లు 2006లో సహకార సంఘం పెట్టుకుని వీటిని నడుపుతున్నారు. మాకు చూపించిన అమ్మాయి మాటల్లో తెలిసిపోతోంది, ఇది తన ఉద్యోగం కంటే ముందు తన వాడ. జెన్నారో శరీరాన్ని 5వ శతాబ్దిలో ఇక్కడికి తెచ్చారు. ఆయన పక్కన చోటు కోసం బిషప్పులూ, ఊరివాళ్లూ ఎగబడ్డారు.

ఒక తోరణం కింద ఆయన బొమ్మ ఉంది. ఆయన బొమ్మల్లో మనకి మిగిలినవాటిలో ఇదే పాతదంటారు. తల చుట్టూ వలయం, చేతులు రెండూ చాపి ప్రార్థన చేస్తున్న మనిషి. ఒక పక్క కొమీనియా అనే ఆవిడ, ఇంకో పక్క నికతియోలా అనే చిన్నపిల్ల. ఇద్దరూ అక్కడ సమాధి అయినవాళ్లే. మనింట్లో పోయినవాళ్ల ఫోటో పక్కన దేవుడి పటం పెట్టినట్టుగా ఆ ఇంటివాళ్లు వేయించుకున్నారు. బంగారం లేదు, కిరీటం లేదు. రేపు చూడబోయే ఆర్భాటానికి వేరు ఇక్కడుంది కదా అనుకుంటూ అక్కడే నిలబడిపోతే, ఆ అమ్మాయి వెనక్కొచ్చి పిలవాల్సొచ్చింది.

ఎముకల ప్రయాణం పెద్ద కథే. 831లో బెనెవెంతో రాజు సీకో నేపుల్స్‌ని ముట్టడించి, మా బిషప్పు మావాడంటూ పట్టుకుపోయాడు. తర్వాత మోంతెవెర్జినే కొండ మీది మఠం చేరాయి. 1497లో గానీ తిరిగి రాలేదు. తలా, నెత్తురూ మాత్రం నేపుల్స్‌లోనే ఉండిపోయాయి.

సాయంత్రం ఊరి పెద్ద చర్చి, ప్రధానాలయం చుట్టూ తిరిగాను. ఫోర్చెల్లా వాడ మొగలో ఒక మేడ గోడ నిండా జెన్నారో బొమ్మ వేసి ఉంది. 2015లో జోరిత్ అనే చిత్రకారుడు ఒక కూలి కుర్రాడి ముఖాన్ని చూసి వేశాడట. ఎర్రబడ్డ కళ్లతో, పనిలోంచి అప్పుడే వచ్చినవాడిలా పైకి చూస్తుంటాడు.

ప్రధానాలయం లోపలే ఆయనకి వేరే చాపెల్, అంటే చిన్న గుడి, ఉంది. దాని వెనక నడిచిన వ్యవహారం చూస్తే మన మొక్కుబళ్లు పిల్లాటలే. 1527లో ప్లేగు, యుద్ధం కలిసి కమ్ముకుంటే ఊరిపెద్దలు జనవరి 13న బలిపీఠం ముందు నోటరీని కూచోబెట్టి, పునీతుడితో పత్రం రాసుకున్నారు. నువ్వు మమ్మల్ని కాపాడు, మేం నీకు కొత్త చాపెల్ కట్టిస్తాం. చచ్చి పన్నెండు వందల ఏళ్లయిన ఆసామీ రెండో పార్టీ! ఊరివాళ్లు మాట తప్పలేదు గానీ, పునాది 1608లో పడింది. ఇప్పటికీ ఆ చాపెల్ చర్చిది కాదు, ఊరిది. డెప్యుటేషన్ అనే ఊరి కమిటీ చూసుకుంటుంది. నెత్తుటి సీసాలున్న ఇనప్పెట్టెకి తాళంచెవులు రెండు. ఒకటి చర్చి దగ్గర, ఒకటి కమిటీ దగ్గర. ఊరుమ్మడి గుడి ధర్మకర్తలూ, పూజారీ కలిసి హుండీ తెరిచే పద్ధతి తెలిసినవాళ్లకి ఇది కొత్తేం కాదు.

పక్కనే మ్యూజియంలో ఆయన నగలు. 1713లో చేసిన కిరీటానికి మూడున్నర వేలకి పైగా రాళ్లు. 1679లో మొదలుపెట్టిన హారానికి రాజులూ, రాణులూ తలొక పతకం తగిలించుకుంటూ పోయారు. వజ్రాలు చూసి చూసి కళ్లు అలిసిపోయి త్వరగా బయటపడ్డాను. నాకు నచ్చింది 1799 నాటి ముచ్చట. ఫ్రెంచి సైన్యం ఊరిని పట్టుకున్నాక కూడా నెత్తురు మామూలుగానే కరిగింది. శత్రువు ముందు కరుగుతావా అని జనానికి ఒళ్లు మండింది. ఫ్రెంచివాళ్లు పోగానే జెన్నారోని ఊరి కాపలా పదవి నుంచి దించేసి, పునీత అంతోని గారిని ఎక్కించారు. కొన్నేళ్లకి కోపం చల్లారి మళ్లీ తెచ్చుకున్నారు.

నాకు గది అద్దెకిచ్చినావిడకి అరవై దాటి ఉంటాయి. రాత్రి కాఫీ ఇస్తూ, వచ్చీరాని ఇంగ్లిషులో లెక్క అప్పజెప్పింది. "1973లో కరగలేదు, కలరా వచ్చింది. 1980 సెప్టెంబరులో కరగలేదు, నవంబరులో భూకంపం. 2020 డిసెంబరులో కరగలేదు. ఆ ఏడు సంగతి నీకు నేను చెప్పాలా?" నేను నా చదువు బయటపెట్టాను. 1991లో ఇటలీ రసాయన శాస్త్రజ్ఞులు ఐరన్ క్లోరైడు, సున్నపురాయి పొడి, ఉప్పు, నీళ్లతో అలాంటి ఎర్రటి ముద్దని తయారుచేసి చూపించారు. టమోటా సాస్ సీసాలా కదపకపోతే గడ్డ, కుదిపితే జారుడు. అవన్నీ ఆ కాలంలో దొరికే సరుకులే. సీసా మూత తెరిచి పరీక్ష చెయ్యలేదు కాబట్టి అది ఊహే తప్ప రుజువు కాదు. చర్చి కూడా దీన్ని అద్భుతమని అధికారికంగా ప్రకటించలేదు. ఆవిడ అంతా విని, "అయితే కుదిపినా కరగని ఏడు ఏం చేస్తారు మీవాళ్లు?" అంది. నా దగ్గర జవాబు లేదు.

19న పొద్దున ఏడింటికే వెళ్లినా లోపల స్తంభం వెనకే చోటు దొరికింది. ముందు వరసలో ముసలమ్మలు. వాళ్లని సాన్ జెన్నారో బంధువులంటారు. నెత్తురు పట్టిన ఎవుసేబియా వంశమని చెప్పుకుంటారు. వాళ్ల పాట మొదట మెత్తగా, మన పల్లెగుళ్లో జపమాలలాగే సాగింది. తర్వాత గొంతులు లేచాయి. నాకు భాష తెలీదు గానీ, బతిమాలడం ఎక్కడ ఆగి దబాయింపు ఎక్కడ మొదలైందో వినబడింది. ఆలస్యం చేస్తే "ఫాచ్చా జల్లూతా" అని తిడతారట, పసుపుమొహమోడా అని. ఆయన తల ఎముకలున్న ప్రతిమ వెండిబంగారాలది, 1305లో చేయించినది. పసుపుగా మెరుస్తుంది మరి.

నాకు మా నానమ్మ గుర్తొచ్చింది. ఫిబ్రవరిలో గుణదల తిరునాళ్లకి నన్ను వెంటబెట్టుకుని కొండెక్కేది. మరియమ్మ ముందు కొబ్బరికాయ కొట్టి, నడుం మీద చెయ్యేసుకుని మొదలెట్టేది. "కాయ కొడతానన్నా, కొట్టా. నువ్వు చేస్తానన్నదేదీ? నా కొడుకు ఉజ్జోగం ఏమైంది?" చుట్టూ జనం చూస్తుంటే నేను చెయ్యి విడిపించుకుని దూరంగా పోయి నిలబడేవాణ్ణి. తర్వాత ఇంటికొచ్చి మా నానమ్మకి ప్రార్థన చెయ్యడం రాదని అమ్మతో చెప్పాను కూడా.

పదింటి వేళకి బిషప్‌గారు సీసాలున్న గుండ్రటి గాజు పెట్టె పట్టుకుని చాపెల్లోంచి వచ్చారు. పాతకాలపు బండి లాంతరులా ఉంటుందది. నాకు కనబడింది ఆయన టోపీ కొస, దాని పక్కన లేచిన వందల ఫోన్లు. అంతలో ఎక్కణ్ణుంచో ఒక తెల్ల జేబురుమాలు పైకి లేచి ఊగింది. నెత్తురు కరిగిందనడానికి గుర్తుగా కమిటీ పెద్ద ఊపేది అదే. ఇక చప్పట్లు, కేకలు, గంటలు. పక్కనున్న పెద్దాయన ఎవరో ఏమిటో అడక్కుండా నన్ను వాటేసుకున్నాడు. ముందు వరస ముసలమ్మలు కళ్లు తుడుచుకుంటూ, తిట్టిన నోళ్లతోనే పొగడ్త అందుకున్నారు.

సీసాని ముద్దుపెట్టుకునే వరస గుడి దాటి వీధిలోకి పోయింది. నాకు రోము రైలుకి టైమవుతోంది. బయటికొచ్చి అమ్మకి ఫోన్ చేశాను. బెజవాడలో మధ్యాహ్నం రెండు దాటింది. ఒక్క రింగుకే ఎత్తింది.

"కరిగిందా?"

"కరిగిందమ్మా."

"కళ్లారా చూశావా?"

"తెల్ల రుమాలు చూశాను."

కాసేపు మాట్లాడలేదు. "మీ నానమ్మయితే అందర్నీ తోసుకుని పోయి ముందు నిలబడేది" అంది.