నోరు విప్పని సినిమా

పర్లాకిమిడిలో ఇంగ్లీషు చెప్పడం ఎంత కష్టమో మా మాస్టారికే తెలియాలి. పాఠాన్ని తెలుగులో వివరిస్తే ఒడియా పిల్లలు బిక్కమొహం వేసేవారు. ఒడియాలో చెబితే ఆ వంతు మాది. హాస్టల్లో ఉండి చదువుకునే సవర పిల్లలు రెండుసార్లూ వేసేవారు. 1988లో, మేం తొమ్మిదో తరగతిలో ఉండగా, మాస్టారు దీనికో విడ్డూరమైన విరుగుడు కనిపెట్టారు. మాట్లాడటం నేర్పడానికి మూకీ సినిమా తెచ్చారు.

తలా రెండు రూపాయలు పోగుచేస్తే అద్దె వీసీఆర్, రంగుల టీవీ రిక్షాలో వచ్చాయి. తీరా చూస్తే బొమ్మ నలుపు తెలుపు! మా నిరాశ ఆయనకు అర్థమైనట్టుంది. చాప్లిన్ 'మోడరన్ టైమ్స్' 1936 ఫిబ్రవరిలో వచ్చిందనీ, ఆ ఏప్రిల్ ఒకటినే కొత్త ఒడిశా రాష్ట్రం ఏర్పడి మన ఊరు అందులో చేరిందనీ చెప్పి, "మన ఊరితో పాటు పుట్టిన సినిమారా" అన్నారు. ఊరు అంతకు ముందు నుంచే ఉందని ఎవరో గొణిగారు. నేను కాదు.

అందులో మనుషులు పెదవులు కదిపినా గొంతు వినపడదు. యంత్రాల్లోంచి వచ్చే మాట మాత్రం వినపడుతుంది. మనుషుల మాటలు మేం పూరించాలి, అదీ ఇంగ్లీషులో. కార్మికుడికి పని ఆగకుండా అన్నం పెట్టే యంత్రం ఉంటుంది కదా, ఆ దృశ్యం దగ్గర మూడు రోజులు ఉన్నాం. మొక్కజొన్న కండె చాప్లిన్ నోటి ముందుకు రాగానే మాస్టారు పాజ్ నొక్కేవారు. ఇప్పుడేమవుతుంది? కదిలించి మళ్లీ అడిగేవారు. ఏమవుతోంది? వెనక్కి తిప్పి, ఏమైంది?

తెలుగువాళ్లం మొదటి ప్రశ్నకే బోల్తా పడ్డాం. మనకు "తింటాడు" అంటే రోజూ తినడమూ అదే, రేపు తినబోవడమూ అదే. అందుకే 'ఈట్స్' అనవలసిన చోట 'విల్ ఈట్', 'విల్ ఈట్' అనవలసిన చోట 'ఈట్స్' అనేవాళ్లం. వ్యాకరణం పుస్తకంలో కాలాల పట్టిక బట్టీ పట్టినా పోని ఆ తప్పు, కండె ముక్కుకు తగలకముందే చెప్పాలన్న తొందరలో పోయింది. పాజ్ ఎక్కువసేపు ఉంచితే వీసీఆర్ తనంతట తానే ఆగిపోయేది. టేపు అరిగిపోకుండా అట్లా చేస్తారట. మాకు మాత్రం అది గడువు గంట.

అంతకు ముందు ప్రొజెక్టరు మీద వార్తాచిత్రాలు చూశాం గానీ, అవి పాఠానికి పనికిరాలేదు. రీలు ఒకచోట ఆపితే దీపం వేడికి ఫిల్ము కాలిపోతుంది. కాబట్టి ప్రశ్న అడిగే సందే లేదు.

మరో ఆటలో సగం తరగతి గోడవైపు తిరిగి కూర్చునేది. చూసేవాళ్లు చెబితేనే వాళ్లకు కథ తెలుస్తుంది. నా జట్టు సవర పిల్లాడితో పడింది. అతనికి తెలుగు పెద్దగా రాదు, నాకు సవర అసలే రాదు, సైగలు నిషేధం. గొర్రెల మంద, దాని వెంటనే గుంపుగా బయటికొచ్చే మనుషులు: ఆ ప్రారంభ దృశ్యాన్ని నాలుగు ముక్కల ఇంగ్లీషులో చెప్పేసరికి చెమటలు పట్టాయి. అతను గోడకేసి చూస్తూనే నవ్వాడు. అర్థమైందన్న మాట! అన్నట్టు, ఈ ఊళ్లోనే బడిపంతులుగా ఉంటూ గిడుగు రామమూర్తి పంతులుగారు సవర నేర్చుకుని, 1938లో సవర–ఇంగ్లీషు నిఘంటువు వెలువరించారు. మేం పక్క బెంచీ వాడి భాషలో మంచినీళ్లు అడగడం కూడా నేర్చుకోలేదు.

ఇప్పుడు మా ఇంట్లో పిల్లలు సినిమా కింద అక్షరాలు పెట్టుకుని చూస్తారు. వింటున్నామంటారు. నా కంటికి చదువుతున్నట్టే ఉంటుంది.

చివరి రోజున పాట ఉందన్నారు. చాప్లిన్ తెరమీద తొలిసారి గొంతు వినిపించే చోటు. చేతికఫ్‌ల మీద రాసుకున్న సాహిత్యం కాస్తా అవి ఊడి ఎగిరిపోవడంతో పోతుంది. అతను నోటికొచ్చిన అర్థంలేని మాటలతో పాడేస్తాడు. కఫ్‌లు ఎగిరాయో లేదో కరెంటు పోయింది. ఎంతసేపు చూసినా రాలేదు. రిక్షావాడు తొందరపెడుతున్నాడు. మాస్టారు చీకట్లోనే, మిగతా పాట మీరే పాడండి అన్నారు, అర్థం లేకపోయినా ఫరవాలేదన్నారు.

ఎవరూ లేవలేదు. కాసేపటికి వెనక బెంచీలోంచి నా జట్టువాడు సవరలో ఏదో అందుకున్నాడు. అయిపోయాక మాస్టారు, "ఇప్పుడు ఏమవుతుందో ఇంగ్లీషులో చెప్పు" అన్నారు.

"దే విల్ క్లాప్" అన్నాడు.