పేపర్ ప్లేటు మీద లైనప్

స్టార్క్‌విల్‌లో, మిసిసిపీ స్టేట్ యూనివర్సిటీలో చదివిన మన తెలుగువాళ్ళందరి చేతా తలా రెండు పేజీలు రాయించి సంచిక వేస్తున్నాం, నువ్వు కూడా రాయాలన్నా అని మొన్న ఒక జూనియర్ ఫోన్ చేశాడు. ఏం రాద్దామా అని కూర్చుంటే సిమ్రాల్ హాల్ గుర్తుకు రాలేదు, థీసిస్ గుర్తుకు రాలేదు, ఒక పేపర్ ప్లేటు గుర్తుకొచ్చింది. అంచున బార్బెక్యూ సాస్ మరక, మధ్యలో నల్ల మార్కర్‌తో మన బేస్‌బాల్ జట్టు లైనప్, అంటే బ్యాటింగ్ వరసలో తొమ్మిది పేర్లు, ఒక పేరు పక్కన పెద్ద ప్రశ్నార్థకం. ఆ ప్లేటు ఇప్పటికీ డాలస్ పక్కన ఫ్రిస్కోలో మా ఇంట్లో, సర్టిఫికెట్లు పెట్టుకున్న ఫైల్లోనే ఉంది.

నేను నరసరావుపేట నుంచి 2016 ఆగస్టులో మిసిసిపీ స్టేట్‌లో ఎమ్మెస్‌కి వచ్చాను. మొదటి సెమిస్టర్ ఎలా గడిచిందో మీకు వేరే చెప్పక్కర్లేదు, అందరిదీ ఒకటే కథ. రెండో సెమిస్టర్లో, మార్చిలో ఒక శుక్రవారం, మా ల్యాబ్‌లో టెక్నీషియన్‌గా పనిచేసే ఆయన "సాయంత్రం ఖాళీయేనా, మా నాన్న దగ్గరికి రా, బేస్‌బాల్ చూద్దాం" అని పట్టుబట్టి తీసుకెళ్ళాడు. అదే మొదటిసారి డూడీ నోబుల్ ఫీల్డ్ లోపలికి వెళ్ళడం.

మనవాళ్ళలో చాలామంది ఆ గ్రౌండ్ పక్కనుంచే రెండేళ్ళు నడిచి వెళ్ళిపోయారు కాబట్టి కాస్త వివరంగా చెబుతాను. లెఫ్ట్ ఫీల్డ్ (గ్రౌండ్‌లో ఎడమవైపు) కంచె అవతల 1960ల్లో కొందరు తమ ట్రక్కులు ఆపుకుని, వెనక తొట్టిలో కూర్చుని మ్యాచ్ చూసేవారట. తర్వాత తర్వాత ట్రక్కుల చోట ట్రైలర్లు వచ్చాయి, వాటి మీద మెట్లుమెట్లుగా చెక్క బల్లలు, పక్కన మాంసం కాల్చే పొయ్యిలు. దాన్నే లెఫ్ట్ ఫీల్డ్ లౌంజ్ అంటారు. తండ్రి చోటు కొడుక్కి, కొడుకు చోటు మనవడికి. ఆ పొగలో, ఆ బల్లల మీద, మన ఊళ్ళో రావిచెట్టు కింద రచ్చబండ దగ్గర ఎలా ఉంటుందో అచ్చం అలాగే ఉండేది. 2019కి 68 మిలియన్ డాలర్లు పెట్టి స్టేడియం మొత్తం కొత్తగా కట్టారు, లౌంజ్‌ని కూడా పద్ధతిగా కట్టి ఇచ్చారు, చాలా బాగుంది, కానీ నా కళ్ళలో ఉన్నది మాత్రం తుప్పు పట్టిన ఆ పాత ట్రైలరే.

ఆ టెక్నీషియన్ వాళ్ళ నాన్నకి, అదే మా పెద్దాయనకి, అప్పటికే డెబ్భై దాటాయి. నన్ను చూసి చేతిలో ఒక కాగితం పొట్లం పెట్టాడు, విప్పితే ఉప్పేసి ఉడకబెట్టిన వేరుశనక్కాయలు, పొట్టుతో సహా. మా నాయనమ్మ ఉడకబెట్టినట్టే ఉన్నాయి. ఎక్కడి పల్నాడు, ఎక్కడి మిసిసిపీ! గొంతులో ఏదో అడ్డుపడింది, కాసేపు ఎవరితోనూ మాట్లాడలేకపోయాను.

ఆట అర్థం కావడానికి క్రికెట్ కొంత సాయపడింది, కొంత అడ్డుపడింది. పది సార్లు బ్యాటింగ్‌కి వెళ్ళి మూడు సార్లు హిట్ కొడితే, అంటే బంతిని కొట్టి క్షేమంగా బేస్ చేరితే, మంచి బ్యాటర్ అని పెద్దాయన చెబితే మొదట నమ్మలేదు. కాలేజీ బేస్‌బాల్‌లో కాన్ఫరెన్స్ (కొన్ని యూనివర్సిటీలు కలిసి ఆడే లీగ్) మ్యాచ్‌లు వారాంతాల్లో వరసగా మూడు రోజులు ఆడతారు, అందుకని జట్టులో అందరికంటే మంచి పిచ్చర్‌ని (మన బౌలర్ లాంటివాడు) శుక్రవారానికి దాచుకుంటారు. శుక్రవారం ఎవరు, శనివారం ఎవరు, ఆదివారం ఎవరు అన్న దాని మీదే సగం గొడవ. మిగతా సగం, ఎవడు ఉంటాడు ఎవడు పోతాడు అని.

ఇక్కడ డ్రాఫ్ట్ సంగతి చెప్పాలి. మేజర్ లీగ్ అంటే పై స్థాయి ప్రొఫెషనల్ లీగ్, దాని జట్లు ఏటా రౌండ్లవారీగా కుర్రాళ్ళ పేర్లు పిలిచి తీసుకోవడమే డ్రాఫ్ట్. నాలుగేళ్ళ కాలేజీలో చేరిన కుర్రాడిని మేజర్ లీగ్ జట్లు మూడేళ్ళు పూర్తయ్యేదాకా, లేదా 21 ఏళ్ళు వచ్చేదాకా తీసుకోకూడదు. ఆ గడువు దాటాక మంచి రౌండ్‌లో పిలుపొస్తే దాదాపు అందరూ వెళ్ళిపోతారు. అంటే ఒక పిల్లాడి పేరు నోట్లో నలిగి, అతను ఏ బంతిని వదిలేస్తాడో, ఏ బంతికి తడబడతాడో మనకి తెలిసేసరికి అతను బట్టలు సర్దుకుంటున్నాడన్నమాట. మేమూ రెండేళ్ళకి వచ్చి పోయేవాళ్ళమే కాబట్టేమో, ఈ లెక్క నాకు వెంటనే మనసుకి పట్టింది.

2017 వసంతం అంతా బ్రెంట్ రూకర్ గురించే. అంతకుముందు ఏడు డ్రాఫ్ట్‌లో ట్విన్స్ జట్టు అతన్ని 38వ రౌండ్‌లో పిలిచింది, అంటే దాదాపు అడుగున. అతను వద్దనుకుని మళ్ళీ కాలేజీకే వచ్చాడు. వచ్చి .387 సగటు (అంటే పదిసార్లకి దాదాపు నాలుగు హిట్లు), 23 హోమ్ రన్లు (మన సిక్సర్లలాంటివి), 82 ఆర్‌బీఐలు (అతని బ్యాటింగ్ వల్ల వచ్చిన పరుగులు). మూడింటిలోనూ మన కాన్ఫరెన్స్ ఎస్‌ఈసీలో మొదటి స్థానం, దాన్ని ట్రిపుల్ క్రౌన్ అంటారు. అంతకుముందు ఆ కాన్ఫరెన్స్‌లో అది సాధించింది ఒక్కడే, 1984లో రఫేల్ పాల్మేరో, అతనూ మన యూనివర్సిటీవాడే. ఇక చూడండి ఆ ట్రైలర్ మీద గొడవ! పెద్దాయన 1985 జట్టుని కళ్ళారా చూసినవాడు. విల్ క్లార్క్, పాల్మేరో ఇద్దర్నీ కలిపి అక్కడ థండర్ అండ్ లైట్నింగ్ అనేవారు. వాళ్ళ పక్కన రూకర్ పేరు పెడితే ఆయన ఒప్పుకునేవాడు కాదు. కొడుకేమో, నాన్నా ఆ రోజుల్లో అల్యూమినియం బ్యాట్లకి పట్టపగ్గాలు లేవు, 2011 నుంచి బ్యాట్లకి కొత్త నిబంధన పెట్టి దెబ్బ తగ్గించేశారు, ఈ బ్యాట్‌తో 23 కొట్టడమంటే మాటలు కాదు అని గొంతు చించుకునేవాడు. నేను కొడుకు పక్షం. ఇప్పటికీ అదే పక్షం.

జేక్ మాంగమ్ దగ్గరికొచ్చేసరికి మాత్రం నేనూ కొడుకూ ఒకవైపు, పెద్దాయన ఒక్కడే ఒకవైపు. మాంగమ్ 2016లో కాలేజీకి వచ్చిన మొదటి ఏడాదే .408 సగటుతో కొట్టాడు. కానీ బంతి కంచె దాటేది కాదు. సింగిల్స్ కొట్టేవాడికి పై స్థాయిలో చోటు ఉండదు అని మా వాదన. జట్లు కూడా అలాగే అనుకున్నాయి మరి, 2017లో 30వ రౌండ్, 2018లో 32వ రౌండ్. రెండుసార్లూ అతను కాదని వెనక్కి వచ్చాడు. పెద్దాయన వాదించేవాడు కాదు, వేరుశనక్కాయ ఒలుస్తూ ఒకే మాట అనేవాడు, "రోజూ బేస్ మీదకి వెళ్ళేవాడిని ఏదో ఒక రోజు ఎవడో ఒకడు పిలుస్తాడు."

నా ప్లేటు 2018 జనవరిలోది. సీజన్‌కి ఇంకా నెల ఉంది, పెద్దాయన ఇంటి వెనక పెరట్లో పక్కటెముకలు కాలుస్తున్నారు, నేను కోడి వేపుడు చేసి పట్టుకెళ్ళాను. చలికి మార్కర్ సరిగ్గా పలకడం లేదు, పెద్దాయన దాన్ని అరచేతుల మధ్య రుద్ది వేడి చేసి మళ్ళీ రాశాడు. మొదటి పేరు మాంగమ్. దాని గురించి ఎవరికీ పేచీ లేదు. ఆ తర్వాత అంతా పేచీయే, ఎందుకంటే కొత్తగా వచ్చిన పిల్లలు నలుగురున్నారు, జోర్డన్ వెస్ట్‌బర్గ్, జస్టిన్ ఫాస్క్యూ, టానర్ అలెన్, రౌడీ జోర్డన్. ఆ ఆఖరి అబ్బాయి పేరు నిజంగా రౌడీయే, మన భాషలో దానర్థం చెబితే పెద్దాయన భార్యకి ఎంత నచ్చిందో, సీజనంతా ఆ పేరు మన యాసలోనే పిలిచింది. ఎలైజా మెక్‌నమీ పేరు ఏడో స్థానంలో రాసి, కాసేపాగి, పక్కన ప్రశ్నార్థకం పెట్టాడు పెద్దాయన. ముఖ్యమైన సమయంలో చెయ్యి వణుకుతుందేమో అని ఆయన అనుమానం. ప్లేటు నా చేతికిచ్చి, జూన్‌లో చూద్దాం, జాగ్రత్తగా దాచు అన్నాడు.

సీజన్ మొదలవడమే ఘోరంగా మొదలైంది. మొదటి మూడు మ్యాచ్‌లూ ఓటమి, ఆ వెంటనే హెడ్ కోచ్ రాజీనామా. గ్యారీ హెండర్సన్ తాత్కాలికంగా పగ్గాలు పట్టుకున్నాడు. మేలో నంబర్ వన్‌గా ఉన్న ఫ్లోరిడాని సొంత గ్రౌండ్‌లో మూడుకి మూడూ ఓడించేదాకా నిజంగా ఎవరికీ ఆశ లేదు. అప్పటికి నా డిగ్రీ అయిపోయింది, ఉద్యోగం ఇంకా రాలేదు, రూమ్‌మేట్లు ఒక్కొక్కరే ఖాళీ చేసి వెళ్ళిపోయారు, ఆ టెన్షన్‌లో నాకు మిగిలింది ఆ జట్టే. జాతీయ టోర్నమెంట్ తొలి దశ, టాలహాసీలో మొదటి మ్యాచ్ ఓక్లహోమా మీద 20-10తో చిత్తుగా ఓడిపోయారు. మర్నాడు ఫ్లోరిడా స్టేట్ మీద ఓడితే ఇంటికే. తొమ్మిదోది, అంటే చివరి ఇన్నింగ్స్ ఆఖరు, 2-0తో వెనకబడి ఉన్నాం. మెక్‌నమీ బ్యాటింగ్. ఖాళీ గదిలో నేల మీద లాప్‌టాప్ ముందు కూర్చున్నాను. బంతి లేచింది, కెమెరా దాని వెంట వెళ్ళింది, మూడు పరుగుల హోమ్ రన్, 3-2. ఆ తర్వాత వారం నాష్‌విల్‌లో వాండర్‌బిల్ట్ మీద మొదటి మ్యాచ్‌ని కూడా చివరి దెబ్బతో ముగించింది అతనే. పెద్దాయన నాకు ఫోన్ చేశాడు. హలో అనలేదు, ఏమీ అనలేదు. "ఆ ప్రశ్నార్థకం కొట్టెయ్యి బాబూ, నేను తప్పు రాశాను" అన్నాడు. నేను కొట్టెయ్యలేదు. ఆయన రాసింది అలాగే ఉండాలనిపించింది.

ఆ ఏడు జాతీయ టోర్నమెంట్ చివరి దశ జరిగే ఒమాహాదాకా వెళ్ళి ఆగిపోయారు. కానీ ఆ నలుగురు పిల్లల గురించి మొదలైన వాదన మాత్రం ఆగలేదు. 2020 డ్రాఫ్ట్‌లో ఫాస్క్యూ 14వ పేరు, వెస్ట్‌బర్గ్ 30వ పేరు. ఫాస్క్యూ రేంజర్స్‌కి రావడం, 2022లో రేంజర్స్ కింద ఉండే మా ఫ్రిస్కో జట్టుకే ఆడటం నా అదృష్టం, ఎన్ని సాయంత్రాలు వెళ్ళి చూశానో లెక్కలేదు. ఇద్దరిలో ఫాస్క్యూయే గొప్ప బ్యాటర్ అవుతాడని గట్టిగా పందెం కాశాను. కానీ 2024లో మేజర్ లీగ్ ఆల్ స్టార్ జట్టుకి ఎంపికైంది వెస్ట్‌బర్గ్. అలెన్, రౌడీ ఇద్దరినీ 2020లో ఎవరూ తీసుకోలేదు, కరోనా వల్ల ఆ ఏడు డ్రాఫ్ట్‌ని ఐదు రౌండ్లకే కుదించారు. వాళ్ళిద్దరూ తిరిగి రాకపోతే 2021 టైటిల్ లేదు, ఇది నేను ఎక్కడైనా, ఎవరితోనైనా వాదిస్తాను. అలెన్ ఆ ఏడు కాన్ఫరెన్స్‌లో ఉత్తమ ఆటగాడయ్యాడు.

2021 జూన్ 30 రాత్రి. మూడు మ్యాచ్‌ల జాతీయ ఫైనల్లో మొదటిది 8-2తో వాండర్‌బిల్ట్ కొట్టింది, రెండోది 13-2తో మనం కొట్టాం. మూడోదానికి అవతల పిచ్చర్ కుమార్ రాకర్, వాళ్ళమ్మ భారతీయ మూలాలున్న ఆవిడ, అందుకని నా తెలుగు స్నేహితుల్లో సగం మంది ఆ రాత్రి అతని వైపు. నేనొక్కడినే మన జట్టు రంగు మెరూన్ చొక్కా. విల్ బెడ్నార్ ఆరు ఇన్నింగ్స్‌లు ఒక్క హిట్ కూడా ఇవ్వకుండా వేశాడు, మిగతా మూడూ ల్యాండన్ సిమ్స్ చూసుకున్నాడు, మొత్తం మ్యాచ్‌లో వాళ్ళకి దొరికింది ఒక్క హిట్. 9-0. మన యూనివర్సిటీకి ఏ జట్టు ఆటలోనైనా అదే మొదటి జాతీయ టైటిల్. పెద్దాయనకి ఫోన్ చేస్తే కొడుకు ఎత్తి, నాన్న మాట్లాడే స్థితిలో లేడు, ఏడుస్తున్నాడు అన్నాడు.

తర్వాత రెండేళ్ళు మన జట్టు కాన్ఫరెన్స్ టోర్నమెంట్‌కి కూడా వెళ్ళలేకపోయింది. ఆ రెండేళ్ళ గురించి నాకు రాయాలని లేదు.

మిగతా రెండు వాదనలు ఎలా తేలాయో చెబుతాను. రూకర్‌ని ట్విన్స్, పాడ్రెస్, రాయల్స్ మూడు జట్లూ వదిలేసుకున్నాయి, చివరికి 2022 నవంబర్‌లో ఓక్లాండ్ ఏస్ తీసుకుంది. 2023లో 30 హోమ్ రన్లు, ఆల్ స్టార్. 2024లో 39. కొడుకూ నేనూ గెలిచాం. మాంగమ్ కాలేజీ వదిలేసరికి 383 హిట్లు, ఎస్‌ఈసీ చరిత్రలోనే అత్యధికం. 2019లో నాలుగో రౌండ్‌లో మెట్స్ తీసుకుంది, ఆ తర్వాత ఏళ్ళకేళ్ళు చిన్న ఊళ్ళల్లో మైనర్ లీగ్ (మేజర్ లీగ్‌కి కింది స్థాయి) మ్యాచ్‌లు. 2025 మార్చి చివర్లో టంపా బే రేస్ తరఫున మేజర్ లీగ్‌లో మొదటిసారి దిగాడు, అప్పటికి అతనికి 29 ఏళ్ళు. పెద్దాయన గెలిచాడు. నాకు ఆరోజు ఓడిపోయినందుకు ఎంత సంతోషమేసిందో చెప్పలేను.

ఇప్పుడు ఫిబ్రవరి వస్తోంది. 2025 ఏప్రిల్‌లో కోచ్‌ని తీసేశారు, జూన్‌లో వర్జీనియాని 2015లో చాంపియన్‌గా నిలబెట్టిన బ్రయన్ ఓకానర్ వచ్చాడు. ఆయన వెంట వర్జీనియా నుంచి ఔట్‌ఫీల్డర్లు ఎయిడన్ టీల్, జేమ్స్ నన్నలీ, ఎడమచేతి పిచ్చర్ టోమస్ వాలిన్షస్ కూడా వచ్చేశారు. ఇలా జట్లు మారడం పెద్దాయనకి అస్సలు నచ్చదు, పరాయి ఊరి పిల్లలు అంటాడు. నేను ఒప్పుకోను. మూడో బేస్ దగ్గర ఉన్న ఏస్ రీస్ కూడా హ్యూస్టన్ యూనివర్సిటీ నుంచి వచ్చినవాడే, వచ్చిన మొదటి ఏడాదే 21 హోమ్ రన్లు కొట్టాడు. మనమంతా ఎక్కడినుంచి వెళ్ళాం ఆ ఊరికి? మనల్ని కూర్చోబెట్టి తినిపించలేదా ఈయనే? ఇక పర్విస్ ఊరి కవలల్లో జోజో పార్కర్‌ని బ్లూ జేస్ జట్టు ఎనిమిదో పేరుగా తీసుకెళ్ళింది, జేకబ్ మాత్రం స్టార్క్‌విల్‌కే వచ్చాడు. అన్నదమ్ములిద్దరూ చెరో దారి పట్టారు, ఏ దారి మంచిదో తేల్చడానికి పెద్దాయనకీ నాకూ ఇంకో పదేళ్ళు పడుతుంది.

కిందటి ఆదివారం ఆయన కొత్త ప్లేటు ఫొటో పంపాడు. చెయ్యి వణుకుతోందేమో, అక్షరాలు కాస్త వంకరగా ఉన్నాయి. శుక్రవారం పిచ్చర్‌గా వాలిన్షస్‌ని పెట్టాడు, అది సరే. జేకబ్ పార్కర్‌ని తొమ్మిదిలో, పక్కన ప్రశ్నార్థకం. రీస్‌ని నాలుగులో. అది కుదరదు. అలాంటి బ్యాటర్ ఎన్ని ఎక్కువసార్లు బ్యాటింగ్‌కి వస్తే అంత మంచిది, రెండులోనే దింపాలి, నాలుగులో దింపితే మొదటి ఇన్నింగ్స్‌లో ముగ్గురూ ఔటైపోయి అతను డగౌట్‌లో కూర్చుండిపోతాడు అని నేను పెద్ద మెసేజ్ పెట్టాను. ఇంకా జవాబు రాలేదు. ఫిబ్రవరిలో సీజన్ మొదలయ్యే శుక్రవారానికి టికెట్ తీసుకున్నాను, డాలస్ నుంచి కారులో వెళ్తున్నాను, కారులో ఇంకో ముగ్గురికి చోటుంది, వచ్చేవాళ్ళు ముందే చెప్పండి. కోడి వేపుడు నేను తెస్తాను.