5 వచ్చినా మొదటి నుంచే

మా అమ్మాయికి అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్ (అమెరికాలో హైస్కూల్లోనే రాసే కాలేజీ స్థాయి పరీక్ష) కెమిస్ట్రీలో 5 వచ్చింది. అంతకు మించిన స్కోరు లేదు. జూలైలో ఫలితం చూసి ఇంటిల్లిపాదీ సంబరపడ్డాం. కాలేజీలో జనరల్ కెమిస్ట్రీ మళ్ళీ చదవకుండానే దాని క్రెడిట్లు కలిసొస్తాయి, ఫీజూ తగ్గుతుందని లెక్కలేసుకున్నాం.

తీరా ఓరియంటేషన్‌లో అడ్వైజర్ వేరే మాట చెప్పారు. మెడిసిన్ ఆలోచన ఉంటే క్రెడిట్ తీసుకునే ముందు చూసుకోండి, కొన్ని మెడికల్ స్కూళ్ళు దాన్ని ఒప్పుకోవు, కాలేజీలో చదివిన కెమిస్ట్రీయే అడుగుతాయి అని. ఈ ముక్క హైస్కూల్లోనే ఎవరైనా చెప్పి ఉంటే బాగుండేది. పిల్లలు ఏడాదంతా నిద్ర మానుకుని చదువుతారు కదా!

నిన్న రాత్రి, కాలేజీలో ఏ క్లాసులో చేరాలో తేల్చే ప్లేస్‌మెంట్ టెస్టు కోసం డైనింగ్ టేబుల్ దగ్గర ప్రాక్టీస్ చేస్తోంది. 4 గ్రాముల హైడ్రోజన్, 16 గ్రాముల ఆక్సిజన్ కలిస్తే ఎంత నీరు? గబుక్కున 20 అని రాసి, ఆగి, చెరిపేసి 18 అని దిద్దుకుంది. "ఆక్సిజన్ ముందే అయిపోతుంది నాన్నా, 2 గ్రాముల హైడ్రోజన్ మిగిలిపోతుంది" అంది. నాకు కళ్ళు చెమర్చాయి.

క్రెడిట్ వదిలేసి మొదటి నుంచే చదువుతానంటోంది. తర్వాత వచ్చే ఆర్గానిక్ కెమిస్ట్రీకి పునాది గట్టిగా ఉండాలట. సరే తల్లీ అన్నాను. రేపు ల్యాబ్ కళ్ళద్దాలు కొనడానికి వెళ్తున్నాం.