తాతయ్య కారులో పెట్రోలు ముల్లు

మా నాన్నగారి కారు 1996 నాటిది. విజయవాడ పటమటలో మా ఇంటి ముందు వేపచెట్టు నీడలో ఉండే ఆ తెల్ల కారుకు పదిహేనేళ్ళు నిండినప్పటి నుంచి రిజిస్ట్రేషన్ ఐదేళ్ళకోసారి పొడిగించుకుంటూ, ఆయన దాన్ని కన్నబిడ్డలా చూసుకుంటున్నారు. ఒక్క పెట్రోలు ముల్లు మాత్రం మూడేళ్ళుగా కదలడం లేదు. తాళం తిప్పినా, ట్యాంకు నిండా పోయించినా అది ఖాళీ గీత మీదే పడి ఉంటుంది. నాన్నగారికి దానితో పని లేదు. చొక్కా జేబులో చిన్న పుస్తకం ఒకటి ఉంటుంది. బంకుకు వెళ్ళిన ప్రతిసారీ తేదీ, లీటర్లు, మీటరులోని కిలోమీటర్ల అంకె అందులో రాసుకుని, లీటరుకు పదిహేను కిలోమీటర్ల చొప్పున ఎంత వాడారో, ఎంత మిగిలిందో లెక్క కట్టుకుంటారు.

మిషిగన్‌లో పుట్టి పెరిగిన మా అమ్మాయికి ఈ సంగతి తెలియదు. దానికి పదమూడేళ్ళు. కిందటి వేసవి సెలవుల్లో గుంటూరులో ఉన్న మా పెద్దమ్మను చూడడానికి బయలుదేరినప్పుడు అది తాతయ్య పక్కన ముందు సీట్లో కూర్చుంది. కనకదుర్గ వారధి దాటి, తాడేపల్లి దాటి, మంగళగిరి దగ్గరికి వచ్చేసరికి దాని చూపు ముల్లు మీద పడింది. "తాతయ్యా, పెట్రోల్ అయిపోయింది, ఆగుదాం" అంది. ఆయన "ఉందిలే తల్లీ" అన్నారు. "ఉందని ఎలా తెలుసు?" అని అడిగింది. ఆయన పలకలేదు. కాజ టోల్‌గేటు దగ్గర మళ్ళీ అడిగింది. "ఉందని చెప్పాను కదమ్మా" అన్నప్పుడు ఆయన గొంతు గట్టిపడింది. అక్కడి నుంచి గుంటూరు చేరేదాకా అది కిటికీ వైపు తిరిగి కూర్చుంది.

ఆ రాత్రి ఇద్దరి ఫిర్యాదులూ నా దగ్గరికే వచ్చాయి. "పెద్దవాళ్ళ మాట మీద నమ్మకం లేకుండా పెంచుతున్నారేమిటమ్మా పిల్లను" అన్నారు నాన్నగారు. "నేను అడిగితే తాతయ్య జవాబు చెప్పరు, నేనంటే లెక్క లేదు" అంది అమ్మాయి. ఇలాంటి సందర్భాల్లో నేను ఇన్నేళ్ళుగా చేస్తూ వచ్చింది, ఇటు మాట అటు చెప్పకుండా, అటు మాట ఇటు చెప్పకుండా ఇద్దరినీ సముదాయించి పడుకోబెట్టడమే. ఈసారి మాత్రం ఆ ముల్లు బాగు చేయించుకుని వస్తామనీ, పిల్లను కూడా తీసుకువెళ్తామనీ నాన్నగారిని ఒప్పించాను.

జవహర్ ఆటోనగర్ మా ఇంటికి దగ్గరే. లారీలకు బాడీలు కట్టే షెడ్లు, కమాన్ కట్టలు కొట్టేవాళ్ళు, ఇంజన్లు విప్పి బోరు చేసేవాళ్ళు, వెల్డింగు వెలుగులు దాటుకుని, నాన్నగారికి చాలా కాలంగా తెలిసిన వైరింగు మేస్త్రీ షెడ్డుకు చేరాం. కొత్త భాగం తెచ్చి వేస్తే పోతుంది కదా అని నేననుకున్నాను. మేస్త్రీ ఒప్పుకోలేదు. ఏది చెడిందో తేల్చకుండా ఏదీ మార్చకూడదన్నాడు.

తాళం తిప్పి, ముందుగా ఇంజను వేడి చూపే ముల్లును గమనించాడు. అది సరిగ్గానే లేస్తోంది. ఆ కారులో రెండు ముళ్ళకూ ఒకే ఫ్యూజు మీదుగా కరెంటు వస్తుంది కనుక ఫ్యూజు, అక్కడి దాకా వచ్చే సరఫరా బాగున్నట్టే. తరువాత కారు కిందికి వెళ్ళి, ట్యాంకులో ఉండి పెట్రోలు మట్టాన్ని కొలిచే యూనిట్ నుంచి డాష్‌బోర్డుకు వెళ్ళే వైరును ఊడదీసి, దాని కొసను బాడీకి ఆనించాడు. మా అమ్మాయి డ్రైవరు సీట్లో కూర్చుని ముల్లును చూస్తోంది. కాసేపు ఏమీ జరగలేదు. తరువాత ముల్లు నిద్రలేచినట్టు మెల్లగా కదిలి, సగం దాటి, నిండు గీత దాకా వెళ్ళింది.

"తప్పు! ఖాళీకి రావాలి" అని అది లోపలి నుంచి అరిచింది. మిషిగన్‌లో మా పక్కింటి పెద్దాయన దగ్గర డెబ్భైల నాటి షెవర్లే పికప్పు ఉంది. ఆయన ఇదే పరీక్ష చేస్తుంటే మా అమ్మాయి దగ్గరుండి చూసింది. అక్కడ వైరును ఎర్త్ చేయగానే ముల్లు ఖాళీ వైపు పడిపోయింది. ఈ మాట తడబడుతున్న తెలుగులో అది చెబుతుంటే, ఎదురు చెబుతోందని నాన్నగారు కనుబొమలు ముడిచారు. మేస్త్రీ ముఖం మాత్రం వెలిగింది. "నువ్వు చూసిందీ నిజమే పాపా, ఇదీ నిజమే" అని, చేతులు తుడుచుకుని వచ్చి ఆ పిల్ల పక్కన కూర్చుని వివరించాడు.

ఈ కారులో ముల్లు వెనక రెండు లోహాల పట్టీ, దానికి చుట్టిన సన్నని తీగ ఉంటాయి. కరెంటు ఎక్కువ పారితే తీగ వేడెక్కి, పట్టీ వంగి, ముల్లును నిండు వైపు నెడుతుంది. వేడెక్కడానికి సమయం పడుతుంది కనుకనే ముల్లు అంత నెమ్మదిగా లేచింది. ట్యాంకులోని యూనిట్ ఖాళీకి ఎక్కువ నిరోధం, నిండుకు తక్కువ నిరోధం చూపుతుంది. షెవర్లే బండ్లు తయారుచేసే జనరల్ మోటార్స్ పాత బండ్లలో పద్ధతి దీనికి తలకిందులు: అక్కడ సున్నా ఓమ్‌లంటే ఖాళీ, 90 ఓమ్‌లంటే నిండు. అమెరికాలోనే ఫోర్డు పాత బండ్లలో ఖాళీకి సుమారు 73, నిండుకు సుమారు 10. ఒక బండి యూనిట్‌ను ఇంకో బండి ముల్లుకు కలిపితే రెండూ బాగున్నవే అయినా, నిండా పెట్రోలు ఉన్నప్పుడు ఖాళీ చూపించవచ్చు.

నేను ఆ షెడ్డు గుమ్మంలో నిలబడి ఇదంతా వింటూ, మంగళగిరి రోడ్డు మీద జరిగినదాన్నే తలుచుకుంటున్నాను. మా అమ్మాయి చదివే బడిలో ప్రశ్న అడగని పిల్లకు పాఠం మీద శ్రద్ధ లేదని అర్థం. మళ్ళీ మళ్ళీ అడిగే పిల్ల మనసు పెట్టి వింటున్నట్టు. మా నాన్నగారు పెరిగిన ఇంట్లో పెద్దలు ఒకసారి చెప్పాక మళ్ళీ అడగడమంటే వారిని శంకించడం. ఆయన మౌనం "నేను చూసుకుంటాను, నువ్వు నిశ్చింతగా ఉండు" అనే ప్రేమతో కూడిన మౌనమని నాకు తెలుసు, ఎందుకంటే నేను ఆ మౌనం నీడలోనే పెరిగాను. అదే మౌనం నా కూతురికి నిర్లక్ష్యంగా వినిపించింది. ఈ ఇద్దరి మధ్య ప్రేమకు ఏ లోటూ లేదు. ఇద్దరి కొలతలూ తెలిసినదాన్ని నేనొక్కదాన్నే. అయినా ఒకరి కొలత ఇంకొకరికి విప్పి చెప్పకుండా పదమూడేళ్ళు సర్దిచెబుతూనే గడిపాను. ఆ పని మేస్త్రీ పావుగంటలో చేశాడు. నాకు సిగ్గుగానూ అనిపించింది, ఊరటగానూ అనిపించింది.

ముల్లు, వైరు బాగున్నాయని తేలింది కనుక ఇక మిగిలింది ట్యాంకు వైపు. యూనిట్‌కు బాడీతో ఎర్త్ సరిగ్గా అందకపోయినా ముల్లు లేవదు కనుక, తుప్పు పట్టిన ఎర్త్ బోల్టును ఎమెరీ కాగితంతో రుద్ది, మెరుపు వచ్చాక బిగించాడు. అయినా మార్పు లేదు. ట్యాంకు దించక తప్పలేదు. బ్యాటరీ నెగటివ్ వైరు తీసేసి, కారును షెడ్డు బయట గాలి ఆడే చోట నిలిపి, బీడీ కాల్చుకుంటున్న కుర్రాణ్ణి దూరంగా పంపి, పెట్రోలును ఇనుప డబ్బాలోకి వంచాడు. "ఎంత ఉండాలండీ?" అని అడిగితే, నాన్నగారు జేబులోంచి పుస్తకం తీసి చూసి "నాలుగు లీటర్లు" అన్నారు. మా అమ్మాయి లీటరు కొలతతో కొలిచింది. మూడు నిండి, నాలుగోది ముప్పావు దాకా వచ్చింది. అది పుస్తకం వైపు, తాతయ్య వైపు మార్చి మార్చి చూసి, "అప్పుడు కూడా దీంట్లో చూసుకునే ఉందన్నారా?" అని అడిగింది. ఆయన ఈసారి జవాబు చెప్పారు. పుస్తకం దాని చేతికిచ్చి, ఏ గడిలో ఏముందో వేలు పెట్టి చూపించారు. అందులోని తెలుగు అక్షరాలను అది కూడబలుక్కుంటూ చదువుతుంటే మేము పని ఆపి నిలబడ్డాం.

యూనిట్ బయటికి వచ్చాక నిరోధం కొలిచే మీటరు పట్టుకునే పని మా అమ్మాయికే ఇచ్చాడు మేస్త్రీ. యూనిట్‌కు ఉన్న, ఫ్లోటుతో పాటు పైకీ కిందికీ కదిలే చేయి పూర్తిగా కిందికి ఉన్నప్పుడు 110 ఓమ్‌ల దరిదాపుల్లో ఉన్న అంకె, మా అమ్మాయి వేలితో ఆ చేయిని పైకి ఎత్తుతుంటే ఎక్కడా ఎగరకుండా తగ్గుతూ చివరికి నాలుగుకు వచ్చింది. అంటే లోపలి తీగచుట్ట అరిగిపోలేదు. అప్పుడు మేస్త్రీ చేయి చివర ఉన్న ఫ్లోటును తీసి దాని చెవి దగ్గర ఊపాడు. లోపల గలగలమంది. ఎక్కడో వెంట్రుకంత పగులు నుంచి పెట్రోలు లోపలికి చేరి, తేలవలసిన ఫ్లోటు మునిగిపోయి మూడేళ్ళుగా ట్యాంకు అడుగున పడి ఉంది. ఇత్తడి ఫ్లోటయితే లోపలి పెట్రోలు చుక్క లేకుండా, ఆవిరి కూడా మిగలకుండా తీసి అతుకు వేయవచ్చట; ఇది ప్లాస్టిక్కుది కనుక మార్చవలసిందే. అంబాసిడరు, మారుతి 800 రెండూ 2014లోనే తయారీ ఆగిపోయినా పాత కార్ల సామాన్లకు ఆటోనగర్‌లో కొదవ లేదు; మా కారుకు సరిపోయే ఫ్లోటు రెండు వీధుల అవతల దొరికింది. యూనిట్ కింద పాత ప్యాకింగు గట్టిపడిపోయిందని పెట్రోలుకు తట్టుకునే కొత్తది వేసి, ట్యాంకు ఎక్కించాడు.

బంకులో ఐదేసి లీటర్ల చొప్పున పోయిస్తూ, ప్రతిసారీ కారును చదునుగా నిలిపి, తాళం తిప్పి, ముల్లు కుదురుకునేదాకా ఆగి, అది ఎక్కడ నిలిచిందో గీసుకున్నాం. ఆ గీతలు తాతయ్య పుస్తకం చివరి పేజీలో మా అమ్మాయి చేతిరాతలో ఉన్నాయి. "సగం" అని రాసి, దాని కింద "కొంచెం తక్కువ" అని తెలుగులో రాసుకుంది. సున్న ఎక్కడ పెట్టాలో తాతయ్యనే అడిగింది.

ముల్లు బాగయినా నాన్నగారు పుస్తకం మానలేదు. మేము మిషిగన్ తిరిగి వచ్చాక, మాకు శనివారం రాత్రి, అక్కడ ఆదివారం ఉదయం అయినప్పుడు మా అమ్మాయి ఫోను చేసి "తాతయ్యా, ముల్లు ఎక్కడుంది?" అని అడుగుతుంది. ఆయన ఫోను చెవి దగ్గర పెట్టుకునే మెట్లు దిగి, కారు తలుపు తీసి, తాళం తిప్పుతారు. ముల్లు వేడెక్కి లేచేదాకా అటు ఆయనా, ఇటు ఇదీ ఏమీ మాట్లాడకుండా ఆగుతారు.