సీహెచ్50 టెస్టు: మూడు వారాల సున్నా తర్వాత

నిన్న సాయంత్రం నా ట్యూబులో ఎర్రటి మసక విడిపోయి ద్రావణం అద్దంలా తేటపడింది. ఆ సంతోషం చల్లారకముందే ఇది రాస్తున్నాను. ఇదే టెస్టు మొదలుపెట్టబోయేవాళ్లకు పనికొస్తుంది. మనసులో కోపం కూడా ఉంది, దాన్నీ దాచను.

కాంప్లిమెంట్ అంటే మన రక్తంలో ఎప్పుడూ తిరుగుతుండే ముప్పైకి పైగా ప్రోటీన్ల దండు. చాలావరకు కాలేయంలోనే తయారవుతాయి. సూక్ష్మజీవి కనబడేదాకా ఊరికే ఉంటాయి. ఒకటి లేచిందా, అది పక్కదాన్ని కోస్తుంది, కోతపడింది ఇంకోదాన్ని కోస్తుంది. ఈ వరస అంతా సవ్యంగా నడుస్తోందో లేదో సీహెచ్50 ఒక్క టెస్టుతో చెప్పేస్తుంది. గొర్రె ఎర్రకణాలకు ముందుగా యాంటీబాడీ పట్టించి ఉంచుతాం. మనిషి సీరమ్, అంటే రక్తం గడ్డకట్టాక మిగిలే తేట నీరు, కలపగానే సి1 వచ్చి ఆ యాంటీబాడీని పట్టుకుంటుంది, సి4ని, సి2ని కోస్తుంది. ఆ రెండింటి ముక్కలు జతకట్టి సి3ని కోస్తాయి. తర్వాత సి5 తెగుతుంది, దానికి సి6, సి7, సి8 తగులుకుంటాయి, చివరికి సి9లు గుంపుగా చేరి కణం పొరకు గుండ్రటి రంధ్రం పెడతాయి. నీళ్లు లోపలికి తోసుకొచ్చి కణం పగిలిపోతుంది. ఒకటి తర్వాత నాలుగు ఎందుకని చదువుకునే రోజుల్లో నేనూ తికమకపడ్డాను. ఆ అంకెలు కనిపెట్టిన వరసవి, పనిచేసే వరసవి కావు.

కణాలు కడగడం ఒక పూటలో నేర్చుకున్నాను. కణాలను ఉంచే ఉప్పు ద్రావణం, అంటే బఫర్, మొదటిసారే కుదిరింది. యాంటీబాడీ మోతాదు రెండు రోజుల్లో తేలింది.

అసలు కష్టం సీరమ్ దగ్గర మొదలైంది. వాలంటీర్ల రక్తం తీసే ముందు నా రక్తంతోనే చేసి చూద్దామనుకున్నాను. మా ల్యాబులో రక్తం ట్యూబు ఇస్తే సీరమ్ తీసి పెట్టే ఒక సహాయకుడున్నాడు. ఇచ్చాను. మరుసటి రోజు చిన్న చిన్న గొట్టాల్లో పోసి, 'రెడీ' అని రాసి ఇచ్చాడు. పలుచన చేసి, కణాలు కలిపి, 37 డిగ్రీల దగ్గర పెట్టాను. గంట తర్వాత చూస్తే ఒక్క కణం పగల్లేదు. సెంట్రిఫ్యూజ్‌లో తిప్పితే కణాలన్నీ అడుక్కి చేరాయి, పైన నీళ్లు నీళ్లలాగే ఉన్నాయి. మూడుసార్లు చేశాను, మూడుసార్లూ సున్నా.

కాంప్లిమెంట్ లేవడానికి ఆల్టర్నేటివ్ అనే రెండో దారి కూడా ఉంది. అదీ చూద్దామని కుందేలు కణాలతో టెస్టు పెట్టాను. వాటిమీద కాంప్లిమెంట్ యాంటీబాడీ సాయం లేకుండానే ఈ దారిలో లేస్తుంది. కాల్షియాన్ని పట్టేసి మెగ్నీషియాన్ని మాత్రం వదిలితే సి1 దారి మూసుకుపోతుంది, ఈ దారి తెరిచే ఉంటుంది. అక్కడా సున్నాయే. సి3 ఎంతుందో కొలిపిస్తే లీటరుకు గ్రాము పైనే, అంటే మామూలుగానే ఉంది.

ఇక్కడే నా బుర్ర పెడదారి పట్టింది. రెండు దారులూ సున్నా అయి, సి3 మాత్రం సరిగ్గా ఉంటే లోపం సి5 నుంచి సి8 మధ్యలో ఉండాలని పుస్తకం చెబుతుంది. సి9 లేనివాళ్లకు పూర్తి సున్నా రాదు, కొంతైనా పగులుతాయి. ఇలాంటి లోపమున్నవాళ్లకు మెనింజోకాకస్ (మెదడు పొరలకు వాపు తెచ్చే, మెడ పట్టేసేలా చేసే బ్యాక్టీరియా) జబ్బు మళ్లీ మళ్లీ వస్తుంది. చాలా బ్యాక్టీరియాల విషయంలో సి3 తెగితే వచ్చే ముక్క సి3బి వాటి ఒంటికి అంటుకుంటే చాలు, తెల్లకణాలు గుర్తుపట్టి మింగేస్తాయి. ఈ జాతిని చంపడానికి మాత్రం ఆ రంధ్రమే ముఖ్యం. రాత్రంతా ఇదే చదివాను. కాస్త తలనొప్పి వచ్చినా మెడ వంచి చూసుకున్నాను, పట్టేస్తోందేమోనని. నాలుగు రోజులు ఆ టెన్షన్‌తో అన్నం సయించలేదు.

వారం మీటింగులో ఈ గ్రాఫే చూపించాను. నా సీరమ్‌లో సి5 నుంచి సి8 దాకా ఏదో ఒకటి లేదనిపిస్తోందని అన్నాను. మేడమ్ నెమ్మదిగా అడిగారు, "తప్పకుండా పగలగొట్టే సీరమ్ ఒకటి పక్కన పెట్టి చూశావా?" పెట్టలేదు. గది నిశ్శబ్దమైపోయింది. వెనక కూర్చున్న సీనియర్ నవ్వి, "కంట్రోల్ లేకుండానే తనకు జబ్బుందని తేల్చేసుకున్నారు" అన్నాడు. ఇద్దరు ముగ్గురు నవ్వారు. స్లయిడు మీద నా పేరు, కింద ఆ సున్నాలు. మిగతా ఇరవై నిమిషాలు ఏం మాట్లాడానో ఇప్పటికీ గుర్తులేదు. కంట్రోల్ పెట్టకపోవడం నా తప్పే, ఒప్పుకుంటున్నాను. కానీ ఆ సీనియర్‌కు అసలు కారణం అప్పుడే తెలుసని తర్వాత తెలిసింది. అతనికీ మొదటి ఏడాది ఇదే జరిగిందట. ఒక్క మాట చెబితే పోయేది. తాను పడింది పక్కవాళ్లూ పడాలనుకునే మనిషి దగ్గర ఎంత చదువున్నా ఏం లాభం?

మర్నాడు గినీ పిగ్ సీరమ్ తెచ్చి అవే కణాల మీద పోశాను. పది నిమిషాల్లో ట్యూబు తేటపడింది. అంటే కణాల తప్పు లేదు, యాంటీబాడీ తప్పు లేదు, బఫర్ తప్పు లేదు. నా సీరమ్‌కే ఆ గినీ పిగ్ సీరమ్ కొద్దిగా కలిపి పోశాను. అదీ పగిలింది. అంటే నా సీరమ్‌లో అడ్డుపడేదేదీ లేదు, ఉండాల్సిందే లేదు.

రెండోసారి రక్తం ఇచ్చినప్పుడు అక్కడే నిలబడ్డాను. సహాయకుడు రక్తం గడ్డకట్టనిచ్చాడు, తిప్పాడు, సీరమ్ తీశాడు, తీసుకెళ్లి నేరుగా వాటర్ బాత్‌లో పెట్టాడు. దాని మీద అంకె 56.

"ఇదెందుకన్నా?" అన్నాను.

"సీరమ్ అంటే ఇంతే కదా, అరగంట వేడి చేసి ఇస్తాను. కల్చర్ వాళ్లందరికీ ఇలాగే" అన్నాడు. అతనికి 'రెడీ' అంటే అర్థం అదే.

పెంచే కణాలను సీరమ్‌లోని కాంప్లిమెంట్ చంపకుండా ఉండాలని కల్చర్ చేసేవాళ్లు దాన్ని వేడితో తీసేస్తారు. ఆ వేడికి ముందుగా చచ్చేవాటిలో సి2 ఒకటి, ఆల్టర్నేటివ్ దారికి కావలసిన ఫ్యాక్టర్ బి ఇంకొకటి. రెండు దారులూ ఎందుకు మూసుకుపోయాయో అప్పుడు అర్థమైంది. సి3 వేడికి తట్టుకుని నిలిచింది కాబట్టే కొలతలో మామూలుగా వచ్చింది.

దీన్నే జూల్స్ బోర్డే 1890లలో చేసి చూపించాడు. యాంటీబాడీ ఉన్న సీరమ్‌ను వేడి చేస్తే చంపే శక్తి పోయింది. యాంటీబాడీ లేని తాజా సీరమ్ కొద్దిగా కలిపితే తిరిగొచ్చింది. వేడికి పోయేదీ, పోనిదీ అని రెండున్నాయని అలా తేలింది. వేడికి పోయేదానికి కాంప్లిమెంట్ అని పేరు పెట్టింది పాల్ ఎర్లిష్. బోర్డేకు 1919 నోబెల్ వచ్చింది. ఈ ప్రయోగం గురించి పరీక్షలో రెండు పేజీలు రాసి మంచి మార్కులు తెచ్చుకున్నాను. ట్యూబు చేతిలోకి వచ్చేసరికి అదే నాకు తట్టలేదు. ఆ బాధ మీటింగు అవమానం కంటే ఎక్కువ.

ఆ సహాయకుడి మీద నాకు కోపం లేదు, చెప్పిన పని చేశాడు. ఏ సీరమ్ వేడి చేసిందో, ఏది చెయ్యనిదో గొట్టం మీద రాయాలని ఇన్నేళ్లలో ఒక్కరికీ తోచని ల్యాబు మీదే నా కోపం.

మీరు చేయబోతుంటే, సీరమ్ ఎవరి చేతికీ ఇవ్వకండి. రక్తం గడ్డకట్టగానే చల్లటి సెంట్రిఫ్యూజ్‌లో తిప్పండి, వెంటనే ఐసు మీద పెట్టండి, కొద్దికొద్దిగా పంచి మైనస్ 80లో దాచండి. మైనస్ 20లో పెడితే చాలదు, మెల్లగా సత్తువ పోతుంది. ఒకసారి కరిగించింది మళ్లీ గడ్డకట్టించకండి. రాత్రంతా బల్ల మీద ఉన్న సీరమ్‌తో వచ్చిన తక్కువ అంకెను చూసి ఎవరికీ జబ్బుందనకండి, మీకు కూడా. ఫాస్ఫేట్ బఫర్ వాడమని ఎవరైనా అంటే వినొద్దు, అందులో కాల్షియం ఫాస్ఫేట్‌తో కలిసి ముద్దకట్టి అడుక్కి దిగిపోతుంది, సి1 విడిపోకుండా ఉండాలంటే కాల్షియం కావాలి. గినీ పిగ్ సీరమ్ ప్రతిరోజూ పక్కన ఉండాల్సిందే.

నిన్న నా చేతులతో తీసిన నా సీరమ్‌ను పలుచన వరసలో పెట్టాను. మొదటి గొట్టాల్లో కణాలన్నీ పగిలాయి, చివరివాటిలో ఏమీ పగల్లేదు, మధ్యలో గీత నిటారుగా దిగింది. సగం కణాలు పగిలిన చోటు పట్టుకుని లెక్క కట్టాను. ఆ కొసల్లో గీత బల్లపరుపుగా ఉంటుంది, తేడా తెలియదు, అందుకే 50 శాతం దగ్గర చూస్తాం. అంకె మామూలు పరిధిలోనే ఉంది. రెండోసారి చేసినా దగ్గరగానే వచ్చింది. మేడమ్‌కు గ్రాఫు పంపాను, ఈసారి కంట్రోల్ గీత కూడా గీసి. వాలంటీర్ల రక్తం సోమవారం నుంచి తీస్తున్నాం. వాటర్ బాత్ మూత మీద పెద్ద అక్షరాలతో కాగితం అంటించాను: 'కాంప్లిమెంట్ సీరమ్ ఇందులో పెట్టొద్దు.'